రెండుసార్లు దెబ్బతిన్నాక మూడో మారథాన్‌కి ట్రైనింగ్‌లో ఏం మార్చాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీకు 38 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి ఫుల్ మారథాన్ ఆగస్టులో ఇక్కడే పరిగెత్తారు. సగం దూరం 2:08లో దాటేశారు, 31వ కిలోమీటరు తర్వాత రెండు పిక్కలూ పట్టేశాయి, నడుస్తూ ఆగుతూ 5:31కి ముగించారు. మరుసటి ఏడాది కసితో ట్రైనింగ్ పెంచారు. రేసు మూడు వారాలుందనగా మోకాలి కింద ఎముక నొప్పి పెరిగి డాక్టర్ పరుగు ఆపేయమన్నారు, రిజిస్ట్రేషన్ డబ్బులు పోయాయి. ఇప్పుడు జనవరిలో ముంబై మారథాన్. చేతిలో ఐదు నెలలున్నాయి. "ఫ్రెండ్స్ ఈసారి వారానికి ఐదు రోజులు కాదు ఆరు రోజులు పరిగెత్తు, ఇంటర్వెల్స్ (మధ్యలో ఆగుతూ చేసే చిన్న చిన్న వేగపు పరుగులు) కూడా రెండుసార్లు పెట్టు అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, వద్దు. ఆరో రోజు అక్కర్లేదు, ఉన్న ఐదులో ఒకటి తగ్గించి నాలుగు చేయండి. ఆ నాలుగింటిలో మూడు ఇప్పటికంటే బాగా నెమ్మదిగా పరిగెత్తండి. ఆదివారం లాంగ్ రన్‌లో తినడం, తాగడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. పిక్కలకు వారానికి రెండుసార్లు బరువు పని చెప్పండి. రేసు రోజు మొదటి పది కిలోమీటర్లు మీకు చిరాకు పుట్టేంత నెమ్మదిగా వెళ్లండి. మార్చాల్సినవి ఇవే, మిగతా జవాబంతా ఎందుకు, ఎలా అన్నది.

నేను చాలా ఏళ్లుగా పరిగెత్తుతున్నాను, తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టుపక్కల మారథాన్‌కు తయారయ్యే కొత్తవాళ్లకు ట్రైనింగ్ కూడా చూస్తుంటాను. డాక్టర్ని కాను. నొప్పుల గురించి కింద రాసేది ఎప్పుడు ఆగాలో చెప్పడానికే గానీ, వైద్యానికి బదులు కాదు.

దెబ్బ తగిలిన రోజు వేరు, దెబ్బ మొదలైన రోజు వేరు. రేసులో 31వ కిలోమీటరు దగ్గర పట్టేసింది కాబట్టి తప్పు 31వ కిలోమీటరులో జరిగిందనుకుంటాం. నొప్పి ఏ నెలలో వచ్చిందో ఆ నెలలోనే ఏం చేశామా అని వెతుకుతాం. రెండూ తప్పే. మీరు ప్రశ్నతో పాటు పెట్టిన ట్రైనింగ్ లాగ్ చూశాను. రెండో ఏడాది వారానికి 35 కి.మీ. చేస్తున్న మీరు ఆరు వారాల్లో 62కి వెళ్లారు. దాని మధ్యలో రెండు వారాలు ఆఫీసు పని మీద ఊరెళ్లి, పరుగు లేకుండా ఉండి, తిరిగొచ్చిన మొదటి ఆదివారమే 27 కి.మీ. చేశారు. దానికి ముందు మీ అతి పొడవైన రన్ 19. "షిన్ (మోకాలి కింద ముందువైపు ఎముక) కొంచెం బిగుతుగా ఉంది" అని మీరే రాసుకున్నది ఆ 27 తర్వాత మూడు వారాలకు.

ఆ మూడు వారాల ఆలస్యం యాదృచ్ఛికం కాదు. ఎముక మీద కొత్తగా భారం పడితే శరీరం ముందు పాత ఎముకను కొంత తొలిచేసి, ఆ తర్వాతే అక్కడ గట్టిది కడుతుంది. తొలిచిన చోట కొత్తది ఇంకా పూర్తిగా పడని ఆ వారాల్లో ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. మనకు మాత్రం అప్పటికి ఊపిరి బాగా అలవాటైపోయి, కాళ్లు తేలిగ్గా అనిపించి, ఇంకాస్త పెంచాలనిపిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో దారికొస్తాయి, ఎముకలకూ స్నాయువులకూ నెలలు పడుతుంది. మారథాన్ ట్రైనింగ్‌లో గాయాలకు సగం మూలం ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

అందుకని ప్లాన్ ఏదైనా డౌన్‌లోడ్ చేసే ముందు పాత లాగ్ తీయండి. నొప్పి మొదటిసారి రాసుకున్న తేదీ నుంచి నాలుగు వారాలు వెనక్కి వెళ్లి ఆ వారాల్లో ఏం మారిందో చూడండి. దూరమా, వేగమా, షూసా, నిద్రా, జ్వరమా? నా దగ్గరికి వచ్చేవాళ్లను మొదట అడిగేది ఇదే. చాలామంది దగ్గర లాగ్ ఉంటుంది, పరుగులు రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో ఏళ్ల తరబడి పోగుపడి ఉంటుంది, కానీ లైకుల కోసం తప్ప వెనక్కి తిరిగి చూసుకున్నవాళ్లు తక్కువ.

ఇక్కడ పది శాతం రూల్ గురించి ఒక మాట. వారం వారం దూరాన్ని పది శాతం కంటే పెంచకూడదని అందరూ చెబుతారు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ పరిశోధకులు 2008లో కొత్తగా పరిగెత్తేవాళ్ల మీద దీన్ని పరీక్షిస్తే, ఆ రూల్ పాటించినవాళ్లకూ మామూలు ప్లాన్ వాళ్లకూ గాయాల్లో తేడా కనిపించలేదు. 2025లో ఐదు వేలకు పైగా రన్నర్ల వాచీల డేటాతో వచ్చిన మరో అధ్యయనంలో ప్రమాదం వారం మొత్తంలో కాదు, ఒక్క రన్‌లో కనిపించింది. గత 30 రోజుల్లో మీరు చేసిన అతి పొడవైన రన్ కంటే ఏ ఒక్క రన్ అయినా పది శాతానికి మించి పెరిగితే గాయాల రేటు స్పష్టంగా పెరిగింది. మీ 19 నుంచి 27 అంటే నలభై శాతం పైనే. నేను ఇప్పుడు నా గ్రూపులో అందరికీ చెప్పే లెక్క ఇదే. వారం మొత్తం కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు, ఆదివారం రన్ మాత్రం గత నెలలో చేసిన అతి పెద్దదానికి కిలోమీటరున్నరో రెండో మించకూడదు. ఊరెళ్లి వచ్చినా, జ్వరం వచ్చి తగ్గినా అంతే, నెల వెనక్కి చూసి మొదలుపెట్టాలి. మిస్సయిన రన్ మిస్సయినట్టే, మరుసటి వారంలో దాన్ని వడ్డీతో కట్టేయాలని చూడొద్దు.

ఇప్పుడు వేగం సంగతి. మీ రోజువారీ రన్‌లన్నీ కిలోమీటరుకు 6:10 నుంచి 6:20. మీ హాఫ్ మారథాన్ టైమ్ 2:05, అంటే 5:55 పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం). రేసు వేగానికీ రోజువారీ వేగానికీ పాతిక సెకన్లకు మించి తేడా లేదు. అంటే వారంలో ప్రతి రోజూ ఒక చిన్న రేసు. ఇది గట్టిగా కష్టపడటమూ కాదు, తేలిగ్గా ఉండటమూ కాదు, మధ్యలో వేలాడటం. మీకు ఈజీ అంటే 7:15 నుంచి 7:45. నవ్వకండి. పక్కవాడితో పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలిగితేనే అది ఈజీ. "ఆఁ", "ఊఁ" తప్ప మాట రాకపోతే కాదు. స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త నార్వేలో ఉండి మేటి క్రీడాకారుల ట్రైనింగ్ లెక్కలు తీస్తే, దాదాపు ఎనభై శాతం తేలికగా, మిగతా ఇరవై శాతం గట్టిగా ఉన్నట్టు తేలింది. వారానికి అంతంత దూరం చేసే వాళ్లే ఎనభై శాతం నెమ్మదిగా వెళుతుంటే, ఉద్యోగం చేసుకుని వచ్చే మనకు రోజూ తొందరెందుకు?

నా గ్రూపులో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, మీలాగే ప్రతి రోజూ ఒకటే వేగం. నెమ్మదించమంటే మొదటి నెలంతా అలిగారు. "వాకింగ్ చేసే అంకుల్స్ కూడా దాటిపోతున్నారండీ" అనేవారు. వాచీలో పేస్ కనబడకుండా చేసి, గుండె వేగం ఒక్కటే చూసుకోమన్నాను. మూడో నెలకు అదే గుండె వేగంలో ఆయన పేస్ దానంతటదే మెరుగుపడింది. అంతకంటే ముఖ్యం, ఏటా వచ్చే మడమ నొప్పి ఆ ఏడాది రాలేదు. అందరికీ ఇలాగే అవుతుందని హామీ ఇవ్వను. కొంతమందికి నెమ్మదిగా పరిగెత్తితే నడక తీరు చెడి మోకాలు నొప్పి వస్తుంది. వాళ్లకు అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి అడుగుల సంఖ్యను ఐదు శాతం పెంచమంటాను. అడుగు చిన్నదైతే మోకాలి మీద, షిన్ మీద పడే దెబ్బ తగ్గుతుంది, ఇది మీకూ పనికొస్తుంది.

గ్రూపుతో లాంగ్ రన్ చేస్తే మాత్రం ఒక చిక్కుంది. నెక్లెస్ రోడ్డు మీద ఐదుగురు కలిసి మొదలుపెడితే ఐదో కిలోమీటరుకల్లా అందులో అత్యంత ఉత్సాహవంతుడి వేగమే అందరి వేగం అవుతుంది. మీ కంటే నెమ్మదిగా పరిగెత్తేవాళ్లను వెతుక్కుని వాళ్లతో వెళ్లండి. కాస్త నామోషీగా ఉన్నా పర్లేదు.

వారం ఎలా ఉండాలంటే: మంగళవారం ఈజీగా 45 నిమిషాలు. గురువారం ఆ వారానికి ఒకే ఒక్క గట్టి పని. మొదటి రెండు నెలలు అది కూడా వట్టి టెంపో, అంటే 15 నిమిషాలు వార్మప్, 20 నిమిషాలు "కష్టంగా ఉంది కానీ ఇంకాసేపు చేయగలను" అనిపించే వేగం, మళ్లీ పది నిమిషాలు చల్లబడటం. శనివారం ఈజీగా అరగంట, ఆదివారం లాంగ్ రన్. ప్రతి నాలుగో వారం లాంగ్ రన్‌ను మూడో వంతు తగ్గించండి, బాగున్నా సరే తగ్గించండి. లాంగ్ రన్ పై హద్దు 30 కి.మీ. ఆ 30 రెండుసార్లు చేస్తే చాలు. 35, 38 చేసి చూసుకుంటే ధైర్యం వస్తుందని కొందరంటారు. వచ్చే ధైర్యం కంటే, కోలుకోవడానికి పోయే పది రోజులే ఎక్కువ.

నాలుగు రోజులే ఎందుకన్నానో చెప్పలేదు కదా. మీ లాగ్‌లో నన్ను అన్నిటికంటే భయపెట్టింది పరుగు కాదు, నిద్ర. అమెరికా వాళ్లతో కాల్ రాత్రి పదకొండున్నర దాకా, నాలుగున్నరకు అలారం. హైదరాబాద్ రన్నర్లలో సగం మందిది ఇదే కథ. ఎండ రాకముందే పరిగెత్తాలన్న మంచి అలవాటే నిద్రను తినేసే చెడ్డ అలవాటుగా మారుతుంది. శరీరం బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, పడుకున్నప్పుడు. కాల్స్ ఉన్న రోజు మరుసటి పొద్దున రన్ పెట్టుకోకండి. వీలైతే సాయంత్రం ఆరింటికి ఆఫీసు దగ్గరే 45 నిమిషాలు తిరగండి. ఐదు గంటల నిద్రతో చేసిన పది కిలోమీటర్ల కంటే ఏడు గంటల నిద్రతో మానేసిన పదే నయం. ఈ మాట అంటే చాలామందికి నచ్చదు, అయినా అంటాను.

పిక్కలు పట్టేయడం ఉప్పు తక్కువై కాదు, ఎక్కువ సార్లు వేగం ఎక్కువై. మీరు రేసు తర్వాత ఉప్పు ట్యాబ్లెట్లు కొన్నానని రాశారు. కొన్నవి ఉంచుకోండి, చెమట బాగా పట్టేవాళ్లకు కొంత పనికొస్తాయి. కానీ దక్షిణాఫ్రికాలో మార్టిన్ ష్వెల్నస్ బృందం ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా ఉండే రేసు) చేసేవాళ్లను పరిశీలిస్తే, పట్టేసినవాళ్లకూ పట్టనివాళ్లకూ రక్తంలో ఉప్పులోనూ ఒంట్లో నీటిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా రెండింటిలో కనిపించింది: ఇదివరకు పట్టేసిన చరిత్ర, అలవాటైన దానికి మించిన వేగం. అలసిపోయిన కండరానికి నరాల నుంచి వచ్చే అదుపు తప్పడమే దీనికి ముఖ్య కారణమని వాళ్ల వాదన.

మీ రేసు చూడండి. 2:05 హాఫ్‌ను మామూలు ఫార్ములాలో వేస్తే ఫుల్ 4:21 వస్తుంది. ఆ ఫార్ములా వారానికి బాగా దూరం చేసేవాళ్లకు సరిపోతుంది, వారానికి 35 కి.మీ. వాళ్లకు కాదు. మీకు అప్పుడు నిజమైన టైమ్ 4:45 చుట్టుపక్కల, అంటే కిలోమీటరుకు 6:45. మీరు మొదటి పది కిలోమీటర్లు 58 నిమిషాల్లో, అంటే 5:48తో వెళ్లారు. అది మీ హాఫ్ మారథాన్ వేగం కంటే కూడా ఎక్కువ! పైగా ఆగస్టు తేమ. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒళ్లు చల్లబరచదు. హైదరాబాద్ రూట్‌లో నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. 31వ కిలోమీటరులో మీ పిక్కలు మోసం చేయలేదు, మీరు మొదటి గంటలో రాసిచ్చిన చెక్కు అక్కడ బౌన్స్ అయింది.

కండరాల అలసటే కారణమైతే మందు కూడా అక్కడే ఉంది. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి నెమ్మదిగా దించండి. మోకాలు నిటారుగా పెట్టి కొన్ని, కొంచెం వంచి కొన్ని. ఒంటికాలితో ఇరవై అయిదు ఆగకుండా చేయలేకపోతే మారథాన్‌కు ఆ పిక్క ఇంకా సిద్ధం కాలేదని నా లెక్క. అది వచ్చాక వీపున బ్యాగులో బరువు వేసుకోండి. దానితో పాటు స్క్వాట్స్, ఒంటికాలి మీద నడుము వంచే వ్యాయామం, వారానికి రెండుసార్లు, అరగంట. జిమ్ అక్కర్లేదు.

తిండి దగ్గర మీరు అసలు లెక్కే వేయలేదు. రేసులో రెండు అరటిపళ్ల ముక్కలు, "ఓఆర్ఎస్ చాలా తాగాను" అన్నారు. 70 కిలోల మనిషి 42 కి.మీ.లకు దాదాపు మూడు వేల క్యాలరీలు ఖర్చు పెడతాడు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం రెండు వేల క్యాలరీల చుట్టుపక్కలే. మిగతాది కొవ్వు నుంచి వస్తుంది గానీ, వేగం పెరిగేకొద్దీ శరీరం పిండిపదార్థాన్నే ఎక్కువ అడుగుతుంది. అందుకే గంటకు 40 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ బయటి నుంచి అందాలి. అసలైన డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపితే అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. అది విరేచనాల కోసం చేసినది, ఉప్పూ నీళ్లూ ఇస్తుంది, శక్తి ఇవ్వదు. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఇంకో సంగతి. ఆ ఫార్ములా లేనివాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది, కాబట్టి పేరు చూసి కాదు, వెనక రాసింది చదివి కొనండి.

మామూలుగా ఒక జెల్‌లో (పరుగులో మింగే తియ్యటి చిక్కటి ద్రవం ప్యాకెట్) 20 నుంచి 25 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది, ఒక మధ్యస్థం అరటిపండులోనూ దాదాపు అంతే. జెల్ అయితే మొదటి అరగంట నుంచే ప్రతి అరగంటకొకటి, ఆకలేసేదాకా ఆగకుండా. జెల్ ఖరీదనిపించినా, పడకపోయినా ఖర్జూరం గింజలు తీసి చిన్న కవర్లో పెట్టుకోండి, లేదా బెల్లం, ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లు. పల్లీ చిక్కి మాత్రం వద్దు, రుచిగా ఉంటుంది కానీ పల్లీలో కొవ్వు పరుగులో అరగడానికి టైమ్ తీసుకుంటుంది. ఏది తిన్నా 16 కి.మీ. దాటిన ప్రతి లాంగ్ రన్‌లో తినండి. కడుపు కూడా ట్రైనింగ్ కోరుతుంది. రేసు రోజు పొద్దున రెండున్నర గంటల ముందు ఇడ్లీ తేనెతోనో చక్కెరతోనో చాలు, సాంబారు, కొబ్బరి చట్నీ వద్దు. ముందు రాత్రి తెల్లన్నం పెరుగు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పాస్తా కోసం వెతుక్కోనక్కర్లేదు.

నీళ్ల విషయంలో ఎక్కువ తాగడం కూడా ప్రమాదమే. గంట రన్‌కు ముందు, తర్వాత బట్టలు లేకుండా బరువు చూసుకోండి. తగ్గిన కిలోకు దాదాపు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది కలుపుకోండి. దానిలో సగం నుంచి ముప్పావు వంతు దాకా భర్తీ చేస్తే చాలు. రేసు తర్వాత బరువు పెరిగిందంటే అతిగా తాగారన్నమాట. ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి కప్పులు తాగేవాళ్లకు రక్తంలో సోడియం పడిపోయి, తలనొప్పి, వాంతులు, తికమకతో ఆసుపత్రి దాకా వెళ్లే పరిస్థితి వస్తుంది. నాలుగున్నర, ఐదు గంటలు తీసుకునే మనలాంటి నెమ్మది రన్నర్లకే ఆ ముప్పు ఎక్కువ.

షిన్ నొప్పి గురించి కొంచెం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మీకు ఒకసారి వచ్చింది. ఎముక లోపలి అంచున అరచేయంత పొడవునా మందంగా నొప్పి ఉండి, వేడెక్కాక తగ్గితే సాధారణంగా అది షిన్ స్ప్లింట్స్, భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒక్క వేలితో ఇక్కడే అని చూపించగలిగే చోట నొప్పి, ఒంటికాలి మీద గెంతితే పొడిచినట్టుండటం, రాత్రి పడుకున్నా సలపడం, ఇవి ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) అనుమానించాలి. అప్పుడు పరుగు ఆ రోజే ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని మళ్లీ మొదలుపెట్టొద్దు, తొలి వారాల్లో చాలాసార్లు ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్ఐలో కనబడుతుంది. మామూలు నొప్పులకు నా కొలత ఇది: పదిలో మూడుకు మించకుండా, మరుసటి పొద్దుటికి తగ్గిపోతే కొనసాగించవచ్చు. నడక తీరు మారినా, కుంటు వచ్చినా ఆటో ఎక్కి ఇంటికి రండి. జేబులో వంద రూపాయల నోటు పెట్టుకోమనేది అందుకే.

నొప్పి మాత్ర వేసుకుని లాంగ్ రన్ వద్దు. మీరు షిన్ నొప్పి మొదలయ్యాక నాలుగు వారాలు ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తారు. ఆ మాత్ర నొప్పిని దాస్తుంది, దాని వెనక ఎముక పగులుతూనే ఉంటుంది. నీళ్లు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద, కడుపు మీద పడే భారం వేరే. మహిళల మారథాన్‌లో అప్పటి ప్రపంచ రికార్డు 2:15:25 తన పేర ఉన్న పౌలా రాడ్‌క్లిఫ్ 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు ముందు కాలి గాయానికి ఈ తరహా మందులే గట్టిగా వాడారు. అవి కడుపును పాడు చేసి తిన్నది ఒంటబట్టనివ్వలేదని తర్వాత చెప్పారు. ఆ రేసు మధ్యలో ఆగి రోడ్డు పక్కన ఏడుస్తూ కూర్చున్న దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచారు.

ట్రైనింగ్ అంతా సరిగ్గా ఉన్నా కాళ్లు సీసంలా ఉన్నాయంటే రక్తపరీక్ష చేయించండి. నా గ్రూపులో ఒక స్కూల్ టీచర్, శాకాహారి, ఆరు నెలలు తన బద్ధకాన్నే తిట్టుకున్నారు. హిమోగ్లోబిన్ అంచు మీద ఉంది, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) అడుగంటింది. డాక్టర్ ఐరన్ రాశారు, టిఫిన్ అవగానే టీ తాగే అలవాటు మాని గంట తర్వాత తాగారు (టీ ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు), మూడు నెలల్లో మనిషి మారిపోయారు. మగవాళ్లకూ వస్తుంది, తక్కువ. విటమిన్ డి కూడా చూపించుకోండి, తెల్లవారకముందే పరిగెత్తి ఏసీలో కూర్చునేవాళ్లకు ఎండ ఎక్కడిది? డాక్టర్ చెప్పకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు.

ఇంకో స్థానిక సమస్య, వానాకాలపు జ్వరాలు. మీ ట్రైనింగ్ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా డెంగీ, చికున్‌గున్యా కాలంలోనే నడుస్తుంది. జ్వరం ఉన్నప్పుడు పరుగు అసలు వద్దు, వైరస్ గుండె కండరాన్ని తాకితే ప్రాణాల మీదికి వస్తుంది. డెంగీ తర్వాత ప్లేట్‌లెట్లు మామూలయ్యాయని డాక్టర్ చెప్పాక కూడా మొదటి వారం నడకే. చికున్‌గున్యా అయితే చీలమండల నొప్పి నెలల తరబడి ఉండొచ్చు, అప్పుడు జనవరి లక్ష్యాన్ని వదులుకోవడమే తెలివైన పని.

ముంబై గురించి ఒక్కటే హెచ్చరిక. నవంబరు, డిసెంబరుల్లో హైదరాబాద్ చలి మిమ్మల్ని మోసం చేస్తుంది. 14, 15 డిగ్రీల్లో 6:30 పేస్ తేలిగ్గా వస్తుంది. ముంబై జనవరిలో చీకట్లో మొదలైనా సముద్రపు తేమ, ఆ తర్వాత మీ టైమ్ వాళ్లకు ఆఖరి రెండు గంటలు ఎండ. రేసుకు ముందు చివరి రెండు మూడు వారాల్లో ఈజీ రన్‌లు కొన్ని పొద్దున తొమ్మిదింటికి పెట్టుకోండి, శరీరం వేడికి అలవాటు పడటానికి పది నుంచి పధ్నాలుగు రోజులు చాలు. సంక్రాంతికి విశాఖ, కాకినాడ వైపు ఊరెళ్తే ఆ తేమలో రెండు రన్‌లు చేసుకోండి, అరిసెలు మాత్రం లెక్కగా. ముంబై రూట్‌లో పెడ్డర్ రోడ్డు ఎక్కుడు గురించి అందరూ భయపెడతారు. కేబీఆర్, జూబ్లీహిల్స్ చుట్టూ తిరిగినవాళ్లకు అది కొత్త కాదు, అలసిపోయి ఉన్నప్పుడు వస్తుందంతే. రూట్‌లో మార్పులు వస్తుంటాయి, ఆ ఏటి మ్యాప్ చూసుకోండి.

షూస్: ఇప్పుడున్నవి 900 కి.మీ. దాటాయన్నారు, మార్చేయండి. కొత్తవి రేసుకు ఆరు వారాల ముందే కొని కాలికి అలవాటు చేసుకోండి. అడుగు భాగంలో కార్బన్ పలక ఉండే రేసు షూస్‌కి ఇప్పుడే డబ్బు పెట్టొద్దు.

చివరి మూడు వారాల్లో దూరం తగ్గించండి, వేగం చిన్న మోతాదులో ఉంచండి. ఆ సమయంలో ఎక్కడలేని నొప్పులు, టెన్షన్, "చాలా తగ్గించేశానేమో" అన్న అనుమానం అందరికీ వస్తాయి. ఆ అనుమానంతోనే పది రోజుల ముందు 25 కి.మీ. చేసి రేసు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మీ టార్గెట్ ఇప్పుడు నిర్ణయించుకోవద్దు. డిసెంబరు మూడో వారంలో రెండో 30 కి.మీ. రన్ వస్తుంది. దానిలో ఆఖరి ఎనిమిది కిలోమీటర్లు 6:45తో పరిగెత్తి చూడండి. ఊపిరి అదుపులో ఉండి, పిక్కలు బిగుసుకోకుండా అయితే ముంబైలో 4:45 పెట్టుకోండి, మొదటి పది కిలోమీటర్లు 6:55 కంటే వేగంగా వెళ్లొద్దు. కాకపోతే ఐదు గంటలు, అంటే 7:07. అన్నిటికంటే ముందు మాత్రం, ఈ వారమే పాత నొప్పి ఉన్న కాలి మీద పదిసార్లు గెంతి, ఎముకను వేలితో నొక్కి చూడండి. అక్కడ ఇంకా చురుక్కుమంటే ఈ ప్లాన్ ఏదీ మొదలుపెట్టకుండా, డాక్టర్‌ను కలిశాక వాళ్లేమన్నారో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి వారాలు మళ్లీ లెక్కేద్దాం.